కుడి పురి

మాది గజపతినగరంలో తాళ్ళ కొట్టు. చేదతాళ్ళు, పలుపులు, గోనెసంచులు, పొట్లాలు కట్టుకునే పురికొస ఉండలు అమ్మేవాళ్ళం. అక్షరాల కంటే ముందు నాకు పురి తెలుసు. పురి అంటే నారకు వేసే మెలిక. కుడి పురి వేసినవన్నీ కొట్టు ముందు వేలాడేవి. ఎడం పురి వేసిన చుట్ట ఒక్కటే లోపల, తలుపు వెనక మేకుకు ఉండేది. అది పాడె కట్టడానికి. దాని కోసం వచ్చినవాళ్ళు పేరు పెట్టి అడగరు, "ఎనకది ఇవ్వండి" అంటారు. ఉయ్యాలకని అడిగినవాళ్ళకు పొరపాటున అందులోంచి కోసిచ్చామంటే ఇక కొట్టు కట్టేసుకోవడమే. అందుకే నాకు ఐదేళ్ళు నిండకముందే నాన్న రెండు ముక్కలు చేతిలో పెట్టి పోల్చడం నేర్పాడు. తర్వాత్తర్వాత వీధి అవతల నుంచే చూసి చెప్పేసేదాన్ని. ఊళ్ళో వాళ్ళు నాకు అదో పరీక్షలా పెట్టేవారు. నేను ఎప్పుడూ తప్పలేదు. తప్పని దాన్నని నాకు పొగరు కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

రాష్ట్రం రెండైన ఏడాది నేను రసాయన శాస్త్రంలో పరిశోధనకు చేరాను. మా మాస్టారు ఇచ్చిన పని వినగానే నాకు నవ్వొచ్చింది. అది కూడా పురి పనే.

కొన్ని అణువులు మన రెండు చేతుల్లాంటివి. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. చూడ్డానికి అన్నీ ఒకటే, ఒకదాని మీద ఒకటి పెడితే మాత్రం సరిపోవు. అలాంటి అణువును వేడినీళ్ళలో కరిగించి నెమ్మదిగా చల్లారనిస్తే, ఎవరూ చెయ్యి పెట్టకుండానే అవన్నీ పక్కపక్కన చేరి, మెలి తిరిగిన సన్నటి పోగులవుతాయి. ఎడమ అణువైతే ఎడమ మెలిక, కుడి అణువైతే కుడి మెలిక. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మేం చెయ్యాల్సింది ఆ పోగుల చుట్టూ రెసిన్ అనే జిగురు గట్టిపడేలా చేసి, గాలి తగలకుండా నైట్రోజన్‌లో తొమ్మిది వందల డిగ్రీల దాకా కాల్చడం. మిగిలేది చెంచాడు నల్లటి కర్బనం. అంత వేడిలోనూ దాని మెలిక నిలిచిందా లేదా అన్నదే ప్రశ్న. నిలిస్తే, కలిసిపోయిన ఎడమ మందునూ కుడి మందునూ వేరు చేసే జల్లెడలా పనికొస్తుందని మాస్టారి ఆశ.

మా లేబ్ రెండు గదులు. ఒక ఫర్నేస్, రెండు సిలిండర్లు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. అంత సన్నటి పోగుల్ని చూపించే మైక్రోస్కోపు మా దగ్గర లేదు. నల్లపొడిని చిన్న సీసాలో పోసి, అట్టపెట్టెలో పెట్టి, మా కొట్టు నుంచి తెచ్చుకున్న పురికొసతోనే కట్టి వేరే ఊరికి పంపేవాళ్ళం. నెలకో రెండు నెలలకో బొమ్మలు మెయిల్లో వచ్చేవి. వచ్చేదాకా చేసేదేమీ లేదు.

మొదటి బొమ్మలు వచ్చినరోజు మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అప్పుడే ఆయనకు ఒక కంటికి శుక్లం ఆపరేషనైంది. తెర మీద, బూడిదరంగు మసకలో, మెలి తిరిగిన పోగులు గుట్టగా ఉన్నాయి. మెలిక నిలిచింది.

"ఇది ఎటమ్మా?" అన్నారు మాస్టారు.

"కుడి" అన్నాను, ఆలోచించకుండానే.

"మనం పెట్టింది ఎడమ అణువు కదా?"

"అవునండి. కానీ ఇది కుడి పురే."

ఆయన నోట్‌బుక్ తీసి కుడి అని రాసుకున్నారు. తర్వాత కుడి అణువుతో చేసింది పంపించాం. దాని బొమ్మలు రాగానే ఎడమ అన్నాను. అంటే కాలిస్తే మెలిక తిరగబడుతోందన్నమాట. అలా అవుతుందని మాకు తెలిసి ఎవరూ రాయలేదు. డిపార్ట్‌మెంటు సెమినార్లో ఎవరో సందేహం వెలిబుచ్చితే మాస్టారు నా వైపు చూపించి, "తాళ్ళ కొట్టు అమ్మాయండీ. ఈ పిల్లకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ రోజు నాకున్నంత గర్వం పట్టా పుచ్చుకున్నరోజు లేదు.

పేపరు ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఒకవైపు తప్పితే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. రెండు వైపులా ఒకేలా తప్పితే అది తప్పులా కనిపించదు, సూత్రంలా కనిపిస్తుంది.

ఆ తర్వాతి ఏడు మా లేబ్‌లో పరిశోధనకు ఒక కుర్రాడు చేరాడు. చీపురుపల్లి దగ్గర పల్లె, వరీ గోగూ పండించే ఇల్లు. వాళ్ళ గోగునారే ఏ చేతులు మారో మా కొట్టుకు చేరి ఉంటుందని మొదటిరోజే లెక్క కట్టుకుని నవ్వుకున్నాం. నన్ను అప్పా అనేవాడు, మా వైపు అక్కను అలాగే అంటారు. మెతక మనిషి. గాజు కుప్పెలు కడిగితే రెండోసారి చూసుకోనక్కర్లేదు. మాస్టారు అతనికి ఇచ్చిన పని నా పని మీదే నిలబడింది. మెలిక ఎన్ని డిగ్రీల దగ్గర తిరగబడుతోందో కనిపెట్టాలి. మూడు వందల దగ్గర ఆపి చూడటం, నాలుగు వందల దగ్గర ఆపి చూడటం, అలా తొమ్మిది వందల దాకా. ఎక్కడో ఒకచోట తిరగాలి కదా.

నాలుగు వందలది బొమ్మ వచ్చినరోజు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను సీలు ఊడిపోయిన సిలిండరుతో తంటాలు పడుతున్నాను. అసలే చిరాగ్గా ఉన్నాను.

"అప్పా, ఇది ఎడమే కనిపిస్తన్నాది."

"ఇంకా తిరగలేదన్నమాట. వేడి పెంచు."

"అది కాదు. నీ పేపర్లో బొమ్మ, ఇదీ ఓపాలి పక్కపక్కనెట్టి సూద్దుమా? నాకెందుకో రెండూ ఒకేలగున్నాయి."

నేను లేచి నిలబడ్డాను. నేనన్న మాట ఇప్పటికీ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "తాళ్ళ కొట్టులో పుట్టినదాన్నిరా. పురి ఎటో నువ్వు నాకు నేర్పుతావా?"

"అలగ కాదప్పా" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని నేను. దానికి నాలుగో కాలుందని చెప్పబోయిన మనిషిని అలా తరిమేశాను.

ఐదు వందలు, ఆరు వందలు, ఏడు వందలు. అతని మెలిక తిరగలేదు. ఎనిమిది వందల దగ్గరా తిరగలేదు. చివరికి తొమ్మిది వందలు, అచ్చం నేను చేసినట్టే, నా నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చేశాడు. అప్పుడూ ఎడమే. బొమ్మలు నాకు చూపించకుండా తనే చూసుకుని, ప్రతి పేజీ కింద ఎర్రసిరాతో "తిరగలేదు" అని రాసుకునేవాడు. నీళ్ళలో తేడా ఉందేమోనని విజయనగరం నుంచి డబ్బాలతో తెచ్చాడు. సిలిండరు మార్పించాడు. ఫర్నేస్ నడుస్తుండగా మధ్యలో కరెంటు పోయిన ప్రతిసారీ, అందుకే తిరగలేదని మొదట్నించీ మొదలుపెట్టేవాడు. నాకు జాలేసేది. ఏం చెయ్యాలో తోచేది కాదు. నేను చేస్తే వచ్చింది, అతను చేస్తే రావడం లేదు, అంతకుమించి నాకేం తెలుసు?

మా వైపు వైద్యుడి చేతికి మందు పనిచేస్తే హస్తవాసి మంచిదంటారు. లేబ్‌లలోనూ ఆ మాట ఉంది. ఒకరు కలిపితే స్ఫటికాలు దిగుతాయి, ఒకరు కలిపితే దిగవు, కారణం ఎవరికీ తెలియదు. మాస్టారు ఒకరోజు విసుగులో, "నీకు హస్తవాసి లేదయ్యా, ఏం చేస్తాం" అనేశారు. చెడ్డ మనిషి కాదాయన. నోరు జారిన మాట. కానీ ఆ మాట అతనిలో దిగబడిపోయింది. ఆనాటి నుంచి ఫర్నేస్‌లో గిన్నె పెట్టాల్సి వచ్చినప్పుడల్లా నన్ను పిలిచేవాడు.

"అప్పా, నీ సేత్తో ఎట్టు. నీది మంచి సెయ్యి."

నేను పెట్టేదాన్ని. అయినా తిరిగేది కాదు. నా చేతిని కూడా తన దురదృష్టం పాడుచేస్తోందని అనుకునేవాడో ఏమో, బొమ్మలు వచ్చినప్పుడు నా మొహం చూడటం మానేశాడు.

నేను థీసిస్ రాసుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫర్నేస్ గొట్టం చివర మూత విప్పుదామని రెంచి తీసుకుని బోల్టులు ఊడదీస్తున్నాను. ఒక పొడుగాటి బోల్టు తీసి బల్ల మీద పెట్టాను. పక్కనే పార్సిలు కట్టగా మిగిలిన మా కొట్టు పురికొస ముక్క ఉంది. రెండూ పక్కపక్కన నిలువుగా పడ్డాయి. బోల్టు మీది మర గీతలు కుడివైపుకు ఎక్కుతున్నాయి. పురికొస మీది గీతలు ఎడమవైపుకు ఎక్కుతున్నాయి.

మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత రెండింటినీ చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాను. మామూలు బోల్టు మర కుడి మర. పాఠ్యపుస్తకంలో కుడి మెలిక అంటే అదే, నేను పిల్లలకు ప్రాక్టికల్స్‌లో చెప్పిందే. మరి పక్కనున్న దీన్ని పుట్టిన్నాటి నుంచి నేను కుడి పురి అంటున్నానేమిటి?

బయటకు వచ్చి నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, కుడి పురి అంటే ఏటి?"

"అదేటే, మరిసిపోనావా? కొస సేత్తో పట్టుకుని కుడేపుకి తిప్పితే కుడి పురి. దానికి సదువెందుకు?"

"మరి గీతలు ఎటు వాలతాయి?"

"గీతలెవడు సూస్తాడే" అన్నాడు నాన్న. "సెయ్యెటు తిరిగితే పేరటే."

మా వాళ్ళు చెయ్యి తిరిగిన దిక్కుకు పేరు పెడతారు. పుస్తకం కంటికి కనిపించే గీతకు పేరు పెడుతుంది. ఎదురుగా కొసను పట్టుకుని కుడివైపుకు తిప్పితే పోగు మీద పడేది ఎడమ మెలిక. మా కొట్టులో తప్పు లేదు, పుస్తకంలో తప్పు లేదు. తెర మీద కర్బనాన్ని చూసి నేను పలికింది మా కొట్టు పేరు, మాస్టారు రాసుకుంది పుస్తకం పేరు. ఏదీ తిరగబడలేదు. ఎడమ ఎడమగానే కాలింది, కుడి కుడిగానే కాలింది.

అతను మొదట్నించీ సరిగ్గానే చేస్తున్నాడు. మూడు వందల డిగ్రీల దగ్గరి మొదటి గిన్నె నుంచీ.

సాయంత్రం మాస్టారికి చెప్పాను. ఆయన బోల్టునూ పురికొసనూ చాలాసేపు పట్టుకు చూశారు. రిటైర్మెంటుకు ఆయనకు నాలుగు నెలలున్నాయి. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "నేనైనా ఒక్కసారి సరిగ్గా చూడాల్సింది" అన్నారు. "పత్రికకు సవరణ రాద్దాం. కాస్త ఆలోచించుకోనీ. అందాకా ఎవరికీ చెప్పకు."

ఎవరికీ అంటే అతనికి కూడానా అని నేను అడగలేదు. అడిగితే కాదనేవారేమో. అడక్కపోతే చెప్పకుండా ఉండే వీలుంటుందని నా మనసుకు తెలుసు. చెప్పాలని ప్రతి పొద్దుటా అనుకునేదాన్ని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. నీ రెండేళ్ళు నేను తినేశాను అని మనిషి మొహం మీద ఎలా అంటారు?

నాలుగోరోజు అతను వచ్చాడు. చేతిలో గిన్నె. కొత్తగా తయారుచేసిన రెసిన్, తేనెరంగులో, చక్కగా గట్టిపడింది.

"అప్పా, ఇదే ఆకర్ది. ఒచ్చేవారం రివ్యూ ఉన్నాది. నీ సేత్తో ఎట్టవా?"

గిన్నె తీసుకున్నాను. ఫర్నేస్‌లో పెట్టాను. మూత బిగించాను, ఒక్కో బోల్టూ కుడివైపుకు తిప్పుతూ. అతను నా వెనక నిలబడి కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటున్నాడు. అన్నీ తెలిసి ఆ పని చేశాను. చేస్తున్నంతసేపూ ఇప్పుడు చెప్పేస్తాను, ఈ బోల్టు తర్వాత చెప్పేస్తాను అనుకున్నాను. బోల్టులు అయిపోయాయి.

రివ్యూలో కమిటీ వాళ్ళు రెండేళ్ళలో పురోగతి లేదని రాశారు. వాళ్ళ ముందున్న కాగితాల్లో అతనే స్వయంగా ప్రతి పేజీ కిందా తిరగలేదని రాసుకున్నాడు. వాళ్ళు మాత్రం ఇంకేం రాస్తారు. మాస్టారు ఆరోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నేను బయట వరండాలో ఉన్నాను. అతను బయటికి వచ్చి, "అయిపోనాదప్పా" అని, సైకిలు స్టాండు వైపు నడిచాడు. వెనక్కి పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. ఫెలోషిప్ ఆగింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. పదిహేను రోజుల్లో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు కెమిస్టుగా చేరాడని తెలిసింది.

అప్పుడు వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. చీపురుపల్లి స్టేషన్లో దిగి, ఆటోలో వాళ్ళ ఊరు. అతనికి ఆరోజు సెలవు. వాళ్ళమ్మ అరుగు మీద చాప వేసి, "కూకోమ్మా, ఎండలో ఒచ్చినావు" అని మజ్జిగ తెచ్చిచ్చింది. వాకిట్లో నార తీసేసిన గోగు కట్టెలు ఆరుతున్నాయి. నేను ఆ మజ్జిగ తాగకుండానే మొత్తం చెప్పేశాను. బోల్టు, పురికొస, నాన్న ఫోను, ఆ చివరి గిన్నె కూడా.

అంతా అయ్యాక, "అయితే నాది సరిగ్గానే వచ్చినాదేటి?" అన్నాడు.

"సరిగ్గానే వచ్చింది."

"ఏది? ఆకర్దా?"

"అన్నీ. మొదటిది కూడా."

తల ఊపాడు. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. అతను తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుని, "మరి నా సెయ్యి మంచిదే కదప్పా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళమ్మ కంగారుపడి బయటికి వచ్చింది. ఏమైందంటే ఇద్దరం ఏమీ లేదన్నాం.

వెళ్ళేముందు లోపల్నించి మూడు నోట్‌బుక్కులు తెచ్చిచ్చాడు. "తీసుకెళ్ళు. నీకు పనికొస్తాయి. నాకింకెందుకు."

పనికొచ్చాయి. అదే నాకు గొంతులో ముల్లు. మెలిక నిలుస్తుందని నిరూపించడానికి మా దగ్గర ఉన్న సాక్ష్యమల్లా అవే. మూడు వందల నుంచి తొమ్మిది వందల దాకా, ఒక్క డిగ్రీ వదలకుండా అన్నట్టు, అంత శుభ్రంగా ఎవరూ చెయ్యలేరు. పత్రికకు సవరణ అతని పేరు ముందు పెట్టి పంపాం. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం అతని పనేనని రాశాను. పరీక్షకు వచ్చినాయన ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నాడు. ఇది నాది కాదండీ అన్నాను. మంచిది, కృతజ్ఞతల్లో రాశారుగా అన్నాడు. నాకు పట్టా వచ్చింది.

అతన్ని వెనక్కి తేవాలని ఆఫీసు చుట్టూ తిరిగాను. రద్దయింది తిరిగి నిలబెట్టాలంటే గైడు ఉత్తరం కావాలన్నారు. మాస్టారు రాసిచ్చారు. గైడు రిటైరయ్యారు కాబట్టి ఆ ఉత్తరం చెల్లదన్నారు. కొత్త గైడును చూసుకోమన్నారు. కొత్త గైడు దగ్గర ఖాళీ లేదు. కావాలంటే మళ్ళీ ఎంట్రన్సు రాసి మొదట్నించీ చేరమనండి అన్నారు, ఫెలోషిప్ మాత్రం రెండోసారి ఇవ్వరట. వాళ్ళెవరూ కసురుకోలేదు. ప్రతి ఒక్కరూ కుర్చీ చూపించి కూర్చోమనే చెప్పారు. తప్పు మాదని, అతనిది కాదని నేను ఎంత చెప్పినా, దాన్ని రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

అతను ప్రతి నెలా జీతం పడిన మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి ఫోన్ చేసేవాడు. వెనక లారీల చప్పుడు వినిపించేది. క్షేమం అడిగి, వాళ్ళమ్మ అడిగిందని చెప్పి, చివర్లో, ఏదో మామూలు మాటలా అనేవాడు.

"ఏటైనా తెలిసినాదా అప్పా?"

"ఇంకా లేదురా. అడుగుతున్నాను."

"సరే. నువ్వు బెంగెట్టుకోకు."

అలా పదకొండు నెలలు చేశాడు. పన్నెండో నెల ఆఫీసు వాళ్ళు ఫైలు మూసేశామని నాకు కాగితం ఇచ్చారు. ఆ మాట అతనితో ఎలా అనాలో రెండు రోజులు మనసులో కట్టుకున్నాను. జీతాల మర్నాడు ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆ నెల అతను చెయ్యలేదు. తెలిసిపోయిందేమో, అడగడం మానేశాడేమో. నేనైనా చెయ్యాల్సింది. నేనూ చెయ్యలేదు.